హోస్ట్‌నేమ్ రిజల్యూషన్

నెట్‌వర్క్‌లోని కంప్యూటరు పేరు చెబితే దాని ఐపీ చిరునామా వెతికి ఇచ్చే ప్రక్రియను హోస్ట్‌నేమ్ రిజల్యూషన్ అంటారు. చిరునామా దొరకకపోతే ప్రోగ్రాము ‘అన్‌నోన్ హోస్ట్’ వంటి సందేశం చూపి ఆగిపోతుంది. ల్యాప్‌టాప్‌లలో ఈ దోషం తరచుగా ఎదురవుతుంది. దానికి సాధారణంగా వాడే పరిష్కారం, ఇంటర్నెట్‌కు ముందటి ఆర్పానెట్ అనే నెట్‌వర్క్ కాలం నాటి పేర్ల పట్టిక నుంచి వచ్చినదే.

పట్టికల కాలం

ఆర్పానెట్ 1969లో మొదలైంది. తొలినాళ్లలో ఏ కేంద్రానికి ఆ కేంద్రం పేర్ల పట్టిక రాసుకునేది. దాంతో ఒకే కంప్యూటరుకు ఒకచోట ఒక పేరు, మరోచోట మరో పేరు ఉండేవి. 1971 సెప్టెంబరులో పెగ్గీ కార్ప్ ఆర్‌ఎఫ్‌సీ అనే సాంకేతిక పత్రాల వరుసలోని 226వ పత్రం ద్వారా అంతటా ఒకే పేర్లు వాడాలని ప్రతిపాదించారు. 1973 డిసెంబరులో ఎల్. పీటర్ డాయిచ్ ఆర్‌ఎఫ్‌సీ 606లో, ఈ పేర్లన్నీ ప్రోగ్రాములు చదవగలిగే ఒకే ఫైలులో ఉండాలని సూచించారు. దానికి స్పందనగా మరుసటి నెలలోనే ఆర్‌ఎఫ్‌సీ 608 వెలువడింది. కాలిఫోర్నియాలోని మెన్లో పార్క్‌లో స్టాన్‌ఫర్డ్ పరిశోధన సంస్థకు చెందిన నెట్‌వర్క్ సమాచార కేంద్రం ఆ ఫైలు బాధ్యత తీసుకుంది. అదే హోస్ట్స్ డాట్ టీఎక్స్‌టీ. ఎలిజబెత్ ఫైన్లర్ బృందం దానిని ఏళ్ల తరబడి ఎంతో శ్రద్ధగా నిర్వహించింది. కొత్త యంత్రం చేరితే ఆ కేంద్రానికి తెలియజేయాలి. సవరించిన ఫైలును మిగిలినవారు ఎఫ్‌టీపీ అనే ఫైలు బదిలీ పద్ధతితో తెచ్చుకోవాలి.

యంత్రాలు పెరిగేకొద్దీ ఫైలూ పెరిగింది, దాన్ని తెచ్చుకునేవారూ పెరిగారు. అందువల్ల పంపిణీ భారం యంత్రాల సంఖ్య వర్గానికి అనుపాతంలో పెరిగింది. ఒకే పేరును ఇద్దరు కోరుకోవడం, అన్ని కేంద్రాలకు చేరేసరికి పట్టిక పాతబడడం కూడా ఇబ్బందులయ్యాయి. దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ సమాచార శాస్త్రాల సంస్థలో పాల్ మోకాపెట్రిస్ దీనికి చక్కని మార్గం కనుగొన్నారు. పేర్లను చెట్టు కొమ్మల్లా విభజించి, ఒక్కో కొమ్మ బాధ్యతను దాని యజమానికే అప్పగించడం ఆయన పద్ధతి. ఈ డొమైన్ నేమ్ సిస్టమ్‌ను (డీఎన్‌ఎస్) 1983 నవంబరులో ఆర్‌ఎఫ్‌సీ 882, 883లలో వివరించారు. తొలి సర్వర్ ప్రోగ్రాము ‘జీవ్స్’ ఆయన రాసినదే. 1984లో బర్క్‌లీలో నలుగురు విద్యార్థులు యూనిక్స్ కోసం ‘బైండ్’ రాశారు. 1987 నవంబరులో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 1034, 1035 నేటికీ ఈ వ్యవస్థకు పునాది.

తర్వాతి కాలం

1987 తర్వాత డీఎన్‌ఎస్ ప్రపంచమంతా వ్యాపించింది. పాత పట్టిక మాత్రం ప్రతి యంత్రంలోనూ చిన్న హోస్ట్స్ ఫైలుగా నిలిచిపోయింది.

ల్యాప్‌టాప్‌లో దోషం, పరిష్కారం

పెద్ద యంత్రాలకు పేరూ చిరునామా స్థిరంగా ఉండేవి. ల్యాప్‌టాప్‌కు మాత్రం నెట్‌వర్క్ మారినప్పుడల్లా చిరునామాలు కేటాయించే డీహెచ్‌సీపీ వ్యవస్థ కొత్త చిరునామా ఇస్తుంది. కొన్ని యంత్రాలలో పేరూ మారుతుంది. జావాలో రాసినవి, పలు యంత్రాల మీద నడిచే ఎంపీఐ, హడూప్ ప్రోగ్రాములు కొన్ని మొదలవుతూనే తామున్న యంత్రం పేరుకు చిరునామా అడుగుతాయి. ఆ పేరు డీఎన్‌ఎస్‌లోనూ హోస్ట్స్ ఫైలులోనూ లేకపోతే దోషం వస్తుంది. ఇంటర్నెట్ చక్కగా పనిచేస్తున్నా ఇది రావచ్చు.

ముందుగా టెర్మినల్‌లో హోస్ట్‌నేమ్ ఆదేశంతో పేరు తెలుసుకోవాలి. తర్వాత హోస్ట్స్ ఫైలులో, తామున్న యంత్రాన్నే సూచించే 127.0.0.1 పక్కన లోకల్‌హోస్ట్‌తో పాటు ఆ పేరూ చేర్చాలి. డెబియన్ లినక్స్ ఇందుకు 127.0.1.1 వాడుతుంది. సిస్టమ్‌డీ అనే వ్యవస్థా నిర్వహణ సాఫ్ట్‌వేర్ ఉన్న లినక్స్‌లలో మైహోస్ట్‌నేమ్ మాడ్యూల్ అమర్చి ఉంటే, ఫైలులో రాయకపోయినా యంత్రం తన పేరును గుర్తిస్తుంది. పలు యంత్రాలు కలిసి పనిచేసే క్లస్టర్‌లో మాత్రం 127తో మొదలయ్యే చిరునామా పనికిరాదు. అది ఏ యంత్రంలోనైనా ఆ యంత్రాన్నే సూచిస్తుంది కాబట్టి, అక్కడ అసలు నెట్‌వర్క్ చిరునామానే రాయాలి.

విండోస్, మ్యాక్, లినక్స్ మూడింటిలోనూ హోస్ట్స్ ఫైలు నేటికీ ఉంది. దానిని మార్చడానికి అడ్మినిస్ట్రేటర్ అనుమతి అవసరం.