సంతకానికి తాళం: సత్యం ఇన్ఫోవే నుంచి మీసేవ దాకా

నర్సీపట్నం వంటి తాలూకా కేంద్రాల సబ్ ట్రెజరీలలో ప్రభుత్వ సొమ్మునూ స్టాంపు కాగితాలనూ ‘డబుల్ లాక్’ కింద, అంటే ఇద్దరు ఉద్యోగుల దగ్గర విడివిడిగా ఉండే రెండు తాళంచెవులు కలిస్తేనే తెరుచుకునే ఇనప్పెట్టెలో ఉంచడం బ్రిటిషు పాలన నాటి నుంచి వచ్చిన పద్ధతి. కాగితం మీది సంతకం కంప్యూటర్లోకి మారినప్పుడు అటువంటి పెట్టె సంతకానికే అవసరమైంది. ఆ పెట్టెను తయారుచేసే వ్యాపారం చుట్టూ అల్లుకున్న ఆశల చరిత్రలో ఒక ముఖ్య ఘట్టం తెలుగువారి కంపెనీదే.

1987లో బి. రామలింగరాజు హైదరాబాదులో స్థాపించిన సత్యం కంప్యూటర్ సర్వీసెస్‌కు అనుబంధంగా, చెన్నై కేంద్రంగా నడిచిన సత్యం ఇన్ఫోవే 1999 అక్టోబరులో అమెరికాలోని నాస్‌డాక్ మార్కెట్లో చేరింది. 18 డాలర్లకు అమ్మిన దాని డిపాజిటరీ రసీదు, అంటే విదేశీ కంపెనీ వాటాకు బదులుగా అమెరికా మార్కెట్లో చలామణీ అయ్యే పత్రం, కొద్ది నెలల్లోనే వందల డాలర్లు పలికి, 2001 నాటికి కొద్ది డాలర్లకు పడిపోయింది. ఫలానా సంస్థతో పొత్తు కుదిరిందన్న ప్రకటన వెలువడితే చాలు, రాబోయే లాభాలన్నిటినీ ఆ రోజే లెక్కగట్టి వాటాలు కొన్న కాలమది. అమెరికాలో కాంపాక్, హెచ్‌పీ, ఐబీఎం, ఇంటెల్, మైక్రోసాఫ్ట్ కలిసి, అటువంటి పెట్టెలాగే పనిచేసేలా కంప్యూటర్లో అమర్చే భద్రతా చిప్పుకు ఉమ్మడి ప్రమాణం రాయడానికి కూటమి కట్టిందీ 1999లోనే. ఆ చిప్పు మీద మదుపుదారుల ఆశలు మోసిన వేవ్ సిస్టమ్స్ 2016లో దివాలా తీసింది. ఆ ప్రమాణంతో చేసిన చిప్పును మాత్రం 2021లో వచ్చిన విండోస్ 11 తప్పనిసరి చేసింది.

ఇక్కడా దాదాపు అదే జరిగింది. డిజిటల్ సంతకానికి గణితరీత్యా ముడిపడిన రెండు కీలుంటాయి. ఒకటి యజమాని దాచుకునే రహస్య కీ, రెండోది సంతకాన్ని సరిచూసుకోవడానికి అందరికీ ఇచ్చే బహిరంగ కీ. ఆ బహిరంగ కీ ఫలానా వ్యక్తిదేనని హామీ ఇచ్చేది ధ్రువీకరణ సంస్థ. 2000 అక్టోబరు 17న అమల్లోకి వచ్చిన సమాచార సాంకేతిక చట్టం ఈ సంతకానికి చట్టబద్ధత కల్పించగా, 2002లో దేశంలో తొలి ధ్రువీకరణ లైసెన్సు సత్యం ఇన్ఫోవే అనుబంధ సంస్థ సేఫ్‌స్క్రిప్ట్‌కు దక్కింది. దానికి సాంకేతిక అండ అమెరికన్ సంస్థ వెరిసైన్. మదుపుదారుల చూపంతా ఈ పేర్ల మీదే నిలిచింది గాని, ఎక్కువ కాలం మన్నినవి ప్రమాణాలు: ధ్రువపత్రం రూపాన్ని నిర్ణయించే ఎక్స్.509, కీని దాచే పరికరాన్ని పరీక్షించే అమెరికా ప్రభుత్వ ప్రమాణం ఫిప్స్ 140. రహస్య కీ కంప్యూటర్లో ఫైలుగా ఉంటే ఎవరైనా నకలు తీసుకోవచ్చు కాబట్టి, దాన్ని యూఎస్‌బీ టోకెన్‌లోని చిప్పులో ఉంచి, సంతకం ఆ చిప్పు లోపలే జరిగేలా చేశారు. వాడుకలో డాంగిల్ అంటున్నది దీన్నే. 2005లో సత్యం సంస్థ ఇన్ఫోవేలోని తన వాటాను అమ్ముకుంది. 2010లో వెరిసైన్ తన ధ్రువీకరణ వ్యాపారాన్ని సైమాంటెక్‌కు అమ్మింది. ప్రమాణం ఏ ఒక్క కంపెనీ సొత్తూ కాదు కాబట్టి వ్యవస్థ ఆగలేదు.

అయితే టోకెన్ కాపాడేది కీని మాత్రమే. సంతకం పెట్టిన లెక్క నిజమో కాదో అది చెప్పలేదు. 2009 జనవరి 7న రామలింగరాజు రాసిన లేఖ, సత్యం పుస్తకాల్లో చూపిన 5,361 కోట్ల రూపాయల నగదు, బ్యాంకు నిల్వల్లో 5,040 కోట్లు లేనివేనని ఒప్పుకున్నప్పుడు, వాటా ధర ఒక్క రోజులో 179 రూపాయల నుంచి 40 రూపాయలకు దిగింది. కంపెనీ పత్రాలను డిజిటల్ సంతకంతో దాఖలు చేసే పద్ధతి దేశంలో అప్పటికే అమల్లో ఉంది. సొంత కంపెనీ అన్న అభిమానంతో పొదుపు సొమ్ము పెట్టిన తెలుగు కుటుంబాలను ఏ సాంకేతిక ప్రమాణమూ కాపాడలేకపోయింది. ఈ చరిత్రలో అన్నిటికన్నా బాధాకరమైన భాగమిదే.

ఆ తర్వాత దాదాపు మూడేళ్లకు, 2011 నవంబరులో మొదలైన మీసేవ పథకంతో డిజిటల్ సంతకం మార్కెట్ వార్తల నుంచి మండల కార్యాలయంలోకి వచ్చింది. నర్సీపట్నం విద్యార్థికైనా రైతుకైనా కుల, ఆదాయ ధ్రువపత్రాల మీద తహసీల్దారు ఎలక్ట్రానిక్ సంతకం ఉండటం మామూలైంది. సంతకానికి ఆధారమైన ధ్రువపత్రం ఏ సంస్థ జారీ చేసినా, దాన్ని సరిచూసే పద్ధతి ఒక్కటే.