'డిఫాల్టర్' ఎవరు? క్షయ మందులు, లొంగని క్రిమి, మన వాడలు

క్షయకు మందులు పుట్టిన కథ రాసినవాళ్ళు చాలామందే ఉన్నారు. ఆ మందులకు లొంగని క్రిమి ఎలా పుట్టిందో రాసేటప్పుడు మాత్రం తప్పు రోగిదే అవుతుంది. చదువు లేదు, తాగుతాడు, మాత్రలు మధ్యలో మానేశాడు. రిజిస్టర్లో అతని పేరు పక్కన 'డిఫాల్టర్' అని రాసేవాళ్ళు. అప్పు ఎగ్గొట్టినవాడికి బ్యాంకు పెట్టే పేరే ఇది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2013లో గానీ ఆ మాట మార్చలేదు.

అసలు సంగతి చూద్దాం. స్ట్రెప్టోమైసిన్‌ను 1943లో కనుక్కున్నారు. బ్రిటన్‌లో మెడికల్ రీసెర్చ్ కౌన్సిల్ ఆ ఒక్క మందుతోనే చేసిన పరీక్ష 1948లో అచ్చయింది. ఆరునెలలకు రోగులు కోలుకున్నట్టే కనిపించారు. ఆ తర్వాత చాలామందిలో క్రిమి మందుకు లొంగలేదు. వాళ్ళంతా ఆసుపత్రి మంచాల మీద ఉన్నవాళ్ళు, కూలికి పారిపోయినవాళ్ళు కారు. కోట్ల క్రిముల్లో కొన్ని ముందునుంచే ఒక మందుకు లొంగవు. మిగతావి చస్తే వాటిదే రాజ్యం. రెండు మూడు మందులు కలిపి ఇవ్వాలని డాక్టర్లు నేర్చుకున్నది అక్కడే.

రాయచోటికి పొరుగున, మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం శానటోరియం 1915లో మొదలైంది. మంచి గాలి, మంచి తిండి, నెలల తరబడి విశ్రాంతి. కూలికి పోతేగానీ పొయ్యి వెలగని ఇంటికి విశ్రాంతి అనే వైద్యం ఎక్కడిది? 1956లో మద్రాసులో పెట్టిన కీమోథెరపీ కేంద్రం దీనికి జవాబు వెతికింది. ఇరుకు ఇళ్ళల్లో, చాలీచాలని తిండితో ఉన్న పేదలకు ఇంటి దగ్గరే మందులిచ్చినా శానటోరియంతో సమానంగా నయమవుతుందని 1959లో తేల్చింది. గొప్ప ఫలితమే. కానీ సర్కారు దాన్ని తనకు అనువుగా చదువుకుంది: మందుంటే చాలు, తిండి సంగతి మనకెందుకు అని.

1997లో డాట్స్ వచ్చింది. వారానికి మూడుసార్లు ఇంకొకరి కళ్ళ ముందు మాత్ర మింగాలి. రాయచోటి చుట్టుపక్కల వానాధార సేద్యం. శెనగ పోతే కూలిజనం ఊరు విడిచి పోవాల్సిందే. కార్డు ఊళ్ళో, మనిషి బెంగుళూరులో. కువైట్ పోవాలనుకునేవాళ్ళది ఇంకో బాధ. మెడికల్‌లో ఛాతీ ఎక్స్‌రే తీస్తారు, పాత టీబీ మచ్చ కనిపించినా వీసా పోతుంది. జబ్బు చెప్పుకుంటే బతుకుతెరువు పోయేచోట దాచుకున్నవాణ్ణి ఏమని తిడతాం?

వైద్యం వైపు తప్పు ఇంకా పెద్దది. మొదటి కోర్సు పనిచేయని రోగికి 'కేటగిరీ 2' కింద అవే మందులు మళ్ళీ ఇచ్చి, స్ట్రెప్టోమైసిన్ ఒక్కటి కలిపారు. పాత మందులకు అప్పటికే లొంగని క్రిమి మీద ఒకే ఒక్క కొత్త మందు! 1948 పాఠం మరిచిపోయినట్టే. ఆ పద్ధతి వద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017లో చెప్పింది. మన దేశం రోజువారీ మాత్రలకు మారిందీ ఆ ఏడాదే.

2014-16 జాతీయ సర్వేలో రెండు ముఖ్యమైన మందులకు లొంగని టీబీ కొత్త రోగుల్లో 2.84 శాతం, అంతకుముందు వైద్యం పొందినవాళ్ళలో 11.60 శాతం. ఆ రెండోవాళ్ళంతా ఏదో ఒక డాక్టరు చేతిమీదుగా వచ్చినవాళ్ళే.

తిండి మాట మళ్ళీ 2018లో వచ్చింది, నెలకు 500 రూపాయలుగా. 2024 నవంబరులో దాన్ని వెయ్యి చేశారు. జార్ఖండ్‌లో రోగుల ఇళ్ళకు తిండిగింజలిచ్చి చూస్తే, ఆ ఇళ్ళల్లో కొత్తగా టీబీ రావడం బాగా తగ్గిందని 2023లో తేలింది.