మంగపట్నపు వంతెన, రెండవదారి

కొండాపురమునకును ముద్దనూరునకును నడుమ మంగపట్నమను చిన్న స్టేషను కలదు. ఏడాదిలో అధికభాగము ఇసుక తప్ప నీటిచుక్క యెఱుగని వంకలు, ఎగువ నెక్కడనో గట్టివాన కురిసి చెఱువులు తెగినంతనే గడియలో ఏఱులై పాఱుట ఆ సీమకు సహజము. 1871లో మదరాసు రైల్వేవారి యినుపదారి కడప, గుత్తి, గుంతకల్లుల మీదుగా రాయచూరు చేరి, బొంబాయినుండి వచ్చిన దారితో గలిసెను. అది మొదలు మదరాసు, బొంబాయి మహానగరముల రాకపోకలు ఈ వంకలపై గట్టిన వంతెనల నమ్ముకొనియే సాగినవి. 1902 సెప్టెంబరులో వఱద మంగపట్నము దగ్గఱి వంతెనను గొట్టుకొనిపోగా, సంగతి యెఱుగని మెయిలుబండి వచ్చి నీట గూలెను; 70 మందికి పైగా మరణించిరి.

స్టేషను మాస్టరు ముందరి స్టేషనునుండి పుచ్చుకొను 'లైన్ క్లియర్', నడుమ వేఱొక బండి లేదను హామీయే గాని, వంతెన నిలిచియున్నదను హామీ కాదు. కొనలు రెండును క్షేమముగా నుండి నడుము విఱిగిన దారిని, కొనల గూర్చున్నవారెట్లు కనిపెట్టగలరు?

ఇందులకు రైల్వే కనుగొన్న యుపాయము వానకాలపు గస్తీ. చేత లాంతరు, సంచిలో బండిచక్రము క్రింద ప్రేలి డ్రైవరును హెచ్చరించు డిటొనేటర్లు గల యొక మనిషి, జోరువానలో స్లీపరు తరువాత స్లీపరు చూచుకొనుచు తన బీటు కొసకు నడచి, ఎదురువచ్చిన తోటివానితో గస్తీపుస్తకము మార్చుకొని మరలును. దారి తెగియున్నచో ఎఱ్ఱదీపము చూపుచు పరుగెత్తి, 1200 మీటర్ల దూరమున పట్టాపై పదేసి మీటర్ల యెడముతో 3 డిటొనేటర్ల నమర్చును. నా కన్నిటికంటె గొప్పదిగా దోచు నియమము వేఱొకటి: గస్తీవాడు వేళకు 15 నిమిషములు దాటియు రాకున్నచో, ఎవ్వరును కీడువార్త తేకున్నను, స్టేషను మాస్టరు దారిని శంకించి, బండి నాపి, హెచ్చరికచీటీ యిచ్చి పంపవలెను.

నేటి సర్వరుల సంరక్షకులకు నీ చరిత్ర పరాయిది గాదు. లినక్సులో రెండు నెట్‌వర్కు కార్డులను 'బాండింగు' చేసి, ఒకటి పనిచేయగా రెండవది కాచుకొనియుండునట్లు అమర్చుదురు. 'ఎమ్ఐఐ' తనిఖీని 100 మిల్లీసెకన్ల కొకమాఱు జరుగునట్లు పెట్టుట వాడుక. కాని యది చూచునది కేబులు ఆవలికొన నున్న స్విచ్చు వఱకే. స్విచ్చు కవతల దారి తెగినను కార్డుపై పచ్చదీపము వెలుగుచునే యుండును. అందుచే స్విచ్చు కావలి చిరునామాకు 'ఆర్ప్' ప్రశ్న పంపి, బదులు రాకున్న రెండవ కార్డునకు మార్చు పద్ధతియు నేర్పడినది. ఇదియు గస్తీయే.

గుత్తి వైపునుండి మంగపట్నమును తప్పించుకొని కడపకు దగ్గఱగా బోవు రెండవదారి 2016లో గాని రాలేదు. నంద్యాలనుండి బనగానపల్లె, కోయిలకుంట్ల, జమ్మలమడుగు, ప్రొద్దుటూరుల మీదుగా ఎఱ్ఱగుంట్ల చేరు మార్గము తెఱువబడుటతో, ముద్దనూరు వైపు దారి మూసినను కడపబండి డోను, నంద్యాలల మీదుగా బోవచ్చును. అయినను 2021 నవంబరు 19న అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి, చెయ్యేరు నందలూరు రాజంపేటల నడుమ రైలుకట్టను కోసివేసినపుడు, ఆ చోటు రెండు దారులును ఒకటైన పిమ్మట, కడప కావలి ప్రక్కనుండుటచే ఈ క్రొత్తదారి యక్కఱకు రాలేదు.

అట్లే రెండు కేబుళ్లను ఒకే స్విచ్చులో గ్రుచ్చి నిశ్చింతగా నున్న సోదరులారా, నేడే యొకదానిని వేఱు స్విచ్చునకు మార్చి, మొదటి స్విచ్చు కరెంటు తీసి చూడుడు.