పీఠిక కోల్పోయిన కావ్యం

తంజావూరును మరాఠా రాజు ప్రతాపసింహుడు ఏలిన కాలంలో (1739–63) ముద్దుపళని ఆస్థాన విదుషి. ఆమె రాసిన 'రాధికా సాంత్వనం'లో 584 పద్యాలు. ఇళ అనే పిల్లను రాధే పెంచి పెద్దచేసి కృష్ణుడికిచ్చి పెళ్లి చేస్తుంది; ఆపైన విరహంతో, అసూయతో కుమిలిపోతుంది. చివరికి కృష్ణుడే వచ్చి బతిమాలుకుంటాడు.

పీఠికలో తండ్రి తాతలను తలచుకోవడం కవుల ఆనవాయితీ. ముద్దుపళని తన అవ్వ తంజనాయకిని గర్వంగా తలచుకుంది.

అదే శతాబ్దంలో ఇంగ్లండులో వంటింటి పనిమనిషి మేరీ లీపర్ కవిత్వం రాసి 1746లో కన్నుమూస్తే, చందాలు పోగుచేసి రెండేళ్లకే పుస్తకం వేశారు. ముద్దుపళని అచ్చులోకి రావడానికి నూరేళ్లు దాటింది. 1887లో పైడిపాటి వెంకటనరసు పరిష్కరించిన కూర్పు వచ్చింది గానీ అందులో కొన్ని పద్యాలు లేవు, పీఠికా లేదు.

రాజమండ్రి వీరేశలింగం తన కవుల చరిత్రలో ముద్దుపళనిని తీవ్రంగా నిందించారు. బెంగుళూరు నాగరత్నమ్మ ఊరుకోలేదు. రాతప్రతి సంపాదించి, అచ్చుప్రతితో పోల్చి, వదిలేసినవన్నీ చేర్చి 1910లో వావిళ్ల వారి చేత పూర్తి కావ్యం వేయించారు. మగకవుల శృంగారానికి లేని తప్పు ఆడదాని శృంగారానికే ఎందుకని తన ముందుమాటలో నిలదీశారు. అశ్లీలమంటూ ప్రభుత్వం ప్రతులను జప్తు చేసి నిషేధించింది. టంగుటూరి ప్రకాశం మద్రాసు ప్రధానిగా ఉన్నప్పుడు గానీ ఆ నిషేధం తొలగలేదు. వావిళ్ల వారు 1952లో మళ్లీ అచ్చువేశారు. నాగరత్నమ్మ కన్నుమూసిందీ ఆ ఏడాదే.

ఏలూరులో పుట్టిన ఊటుకూరి లక్ష్మీకాంతమ్మ రాసిన 'ఆంధ్ర కవయిత్రులు' మరుసటేడు వెలువడింది. ముద్దుపళని ఒంటరి వింత కాదని, ఆమెకు ముందూ వెనకా కవయిత్రుల వరస ఉందని ఆ పుస్తకం చూపింది.

కొన్ని పద్యాలు తీసేయడానికి అశ్లీలం సాకు సరిపోవచ్చు. పీఠికకు ఆ సాకు అతకదు. అందులో ఉన్నది శృంగారం కాదు, ఒక కవయిత్రి చెప్పుకున్న వంశం. 'రాధికా సాంత్వనం' చేతికి దొరికితే ముందుగా పీఠిక ఉందో లేదో చూసుకోవాలి.