కరెంటు బిల్లులో పుట్టిన రాజ్యాంగం

1960ల తొలినాళ్లలో ఇటలీలోని మిలాను నగరంలో ఫ్లామినియో కోస్టా అనే వకీలు 1,925 లీరాల కరెంటు బిల్లు కట్టనని మొండికేశాడు. డబ్బు లేక కాదు. 1962లో ఇటలీ ప్రభుత్వం ప్రైవేటు విద్యుత్ కంపెనీలను జాతీయం చేసి 'ఎనెల్' అనే ప్రభుత్వ సంస్థకు అప్పగించింది. అలా జాతీయమైన ఎడిసన్ వోల్టా కంపెనీలో కోస్టా వాటాదారు. ఈ చట్టం 1957 నాటి రోము ఒడంబడికకు విరుద్ధం గనుక తాను ఎనెల్‌కు బాకీ లేనని ఆయన వాదన. బిల్లు చిన్నదే. కానీ ఆ తగాదాలోంచి వచ్చిన సూత్రం ఇవాళ ఐరోపా సమాఖ్యలోని 27 దేశాల చట్టాల నెత్తిన కూర్చుంది.

జాతీయకరణను ఎదిరించిన ఒక వాటాదారు దావాలో ఈ సూత్రం రూపుకట్టిందన్న సంగతి మనం మరిచిపోకూడదు. అయితే పుట్టుకను బట్టే దాని గుణమంతా తేల్చేయడం కూడా తొందరపాటే అవుతుంది. దాని నడకను కూడా చూడాలి.

1

రోము ఒడంబడిక ఆరు దేశాల ఒప్పందం: ఫ్రాన్సు, పశ్చిమ జర్మనీ, ఇటలీ, బెల్జియం, నెదర్లాండ్సు, లక్సెంబర్గు. ఉమ్మడి మార్కెట్టు ఏర్పరచుకోవడం దాని ప్రధాన లక్ష్యం. సభ్యదేశపు చట్టానికీ ఒడంబడికకూ వైరుధ్యం వస్తే ఏది నెగ్గాలో అందులో ఎక్కడా రాయలేదు. మన రాజ్యాంగంలో ఉమ్మడి జాబితా అంశాలపై పార్లమెంటు చట్టానికీ రాష్ట్ర చట్టానికీ పొసగకపోతే సాధారణంగా పార్లమెంటు చట్టమే చెల్లుతుందని 254వ అధికరణం స్పష్టంగా చెబుతుంది. అక్కడ అలాంటి వాక్యమే లేదు.

లేని వాక్యాన్ని లక్సెంబర్గులోని న్యాయస్థానం రెండు అడుగుల్లో రాసింది. మొదటిది 1963 ఫిబ్రవరి 5. వాన్ గెండ్ ఎన్ లూస్ అనే డచ్చి రవాణా కంపెనీ పశ్చిమ జర్మనీ నుంచి ఒక రసాయనాన్ని దిగుమతి చేసుకుంది. సుంకం 3 శాతం నుంచి 8 శాతానికి పెరిగింది. సభ్యదేశాల మధ్య సుంకాలు పెంచరాదని ఒడంబడికలోని 12వ అధికరణం. కానీ ఒడంబడిక రాజ్యాలు రాజ్యాలతో చేసుకున్నది. దాన్ని పట్టుకుని ఒక కంపెనీ, ఒక పౌరుడు కోర్టుకెక్కవచ్చునా? కూడదని ఆరింటిలో మూడు ప్రభుత్వాలు వాదించాయి. న్యాయస్థానం ఎక్కవచ్చునంది. ఇది కొత్త న్యాయవ్యవస్థ, ఇందులో రాజ్యాలకే కాదు, ప్రజలకూ హక్కులున్నాయి అంది.

రెండో అడుగు కోస్టా దావా. 1964 మార్చిలో ఇటలీ రాజ్యాంగ న్యాయస్థానం, ఒడంబడికను ఆమోదించింది మామూలు చట్టమే గనుక తర్వాత వచ్చిన చట్టమే చెల్లుతుందని తేల్చింది. ఆ జూలై 15న లక్సెంబర్గు తీర్పు దీన్ని తలకిందులు చేసింది. సభ్యరాజ్యాలు తమ సార్వభౌమాధికారంలో కొంత భాగాన్ని శాశ్వతంగా వదులుకున్నాయి. తర్వాత ఎవరికి వారు చేసుకునే చట్టం ఒడంబడికను దాటజాలదు. కోస్టా కోరినట్టు జాతీయకరణ మాత్రం రద్దు కాలేదు. వకీలు కోరింది దక్కలేదు, కోర్టు కోరింది కోర్టుకు దక్కింది.

మూలంలో లేనిది రాయనని ప్రతిజ్ఞ చేసి వ్యాఖ్యానానికి కూర్చున్నవాడు మన మల్లినాథసూరి. లక్సెంబర్గు న్యాయమూర్తులు ఆ సంప్రదాయానికి చెందినవారు కాదు. పదం దగ్గర ఆగక ప్రయోజనం దగ్గరికి వెళ్లి, ఆరు దేశాల్లో ఆరు రకాలుగా అమలైతే ఉమ్మడి మార్కెట్టే ఉండదు గనుక ఆధిక్యత ఒడంబడిక స్వభావంలోనే ఉందన్నారు.

మరి పోలీసులు లేని, జైలు లేని ఆ కోర్టు మాట ఎలా చెల్లింది? రహస్యం 177వ అధికరణంలో ఉంది. ఏ దేశంలోని కోర్టయినా సందేహం వస్తే లక్సెంబర్గును అడగవచ్చు. జవాబు వచ్చాక తీర్పు చెప్పేది ఆ స్థానిక కోర్టే. కోస్టా దావాను పంపింది మిలానులో చిన్న తగాదాలు తీర్చే అట్టడుగు న్యాయాధికారి. తన దేశపు అత్యున్నత న్యాయపీఠాన్ని కూడా దాటి అడిగే తోవ అతనికి దొరికింది. ఆ తోవ దొరికిన కింది కోర్టులు లక్సెంబర్గుకు చేతులయ్యాయి.

2

ఇదంతా కంపెనీల గొడవ, సామాన్యులకేం సంబంధం అని పాఠకులు అడగవచ్చు. 119వ అధికరణం చరిత్ర చూద్దాం. స్త్రీపురుషులకు సమాన పనికి సమాన వేతనం అని అది చెబుతుంది. ఇది స్త్రీల మీది దయతో రాసిన వాక్యం కాదు. ఫ్రాన్సులో సమాన వేతన చట్టం అప్పటికే ఉంది. పక్క దేశాల్లో చవకగా దొరికే స్త్రీ శ్రమతో తమ జౌళి పరిశ్రమ పోటీపడలేదన్న భయంతో ఫ్రాన్సు పట్టుబట్టి పెట్టించింది. పెట్టించాక ఎవరూ దాన్ని పట్టించుకోలేదు. 1961 ఆఖరు గడువును ప్రభుత్వాలు 1964 ఆఖరుకు జరుపుకున్నాయి. అదీ దాటిపోయింది.

ఆ నిద్రపోతున్న వాక్యాన్ని లేపింది న్యాయమూర్తులు కాదు. 1966 ఫిబ్రవరిలో బెల్జియంలోని హెర్‌స్టాల్ ఆయుధ కర్మాగారంలో సుమారు 3,000 మంది స్త్రీ కార్మికులు సమాన వేతనం కోసం పనిమానేశారు. సమ్మె పన్నెండు వారాలు సాగింది. మగవాళ్ల కన్నా తక్కువ కూలికి నూనె మరకల మధ్య యంత్రాల దగ్గర నిలబడే ఆ స్త్రీలు రోము ఒడంబడికలోని అధికరణం నంబరును తమ నినాదంగా చేసుకున్నారు.

న్యాయవాది ఎలియాన్ వోగెల్-పోల్‌స్కీ అదే అధికరణాన్ని కోర్టుకు తీసుకెళ్లింది. గాబ్రియెల్ డెఫ్రెన్ సబేనా విమాన సంస్థలో పరిచారిక. నలభై ఏళ్లు రాగానే 1968లో ఆమె ఉద్యోగం పోయింది. అదే పని చేసే మగవాళ్లకు ఆ వయోపరిమితి లేదు. 1976 ఏప్రిల్ 8న తీర్పు వచ్చింది: 119వ అధికరణాన్ని ఏ కోర్టులోనైనా నేరుగా చూపవచ్చు, ప్రైవేటు యజమాని మీద కూడా. అయితే పాత బకాయిలన్నీ కట్టవలసి వస్తే తట్టుకోలేమని బ్రిటను, ఐర్లండు మొరపెట్టుకున్నాయి. అప్పటికే దావా వేసినవారికి తప్ప మిగతావారికి తీర్పు ఆనాటి నుంచే వర్తిస్తుందని కోర్టు అంది. హక్కు ఒడంబడిక నాటి నుంచి ఉంది, బకాయి మాత్రం లేదు! ఈ ఒక్క వాక్యంలో ఆ న్యాయస్థానపు బలమూ పరిమితీ రెండూ కనిపిస్తాయి.

3

అదే సూత్రం కార్మికులకు ఎదురు తిరిగిన సందర్భం కూడా ఉంది. స్వీడనులోని వాక్స్‌హోమ్‌లో ఒక బడి మరమ్మతు పనిని లావల్ అనే లాత్వియా కంపెనీకి చెందిన సంస్థ చేపట్టి, లాత్వియా నుంచి కార్మికులను తెచ్చింది. స్థానిక వేతన ఒప్పందంపై సంతకం చేయమని స్వీడిష్ భవన కార్మిక సంఘం అడిగింది. కంపెనీ నిరాకరించింది. 2004లో సంఘం పనిని దిగ్బంధించింది. 2007 డిసెంబరు 18న లక్సెంబర్గు తీర్పు: సమ్మె ప్రాథమిక హక్కే, కానీ సరిహద్దులు దాటి సేవలందించే కంపెనీ స్వేచ్ఛను అది ఈ విధంగా అడ్డుకోరాదు. 2009లో స్వీడను కార్మిక న్యాయస్థానం ఆ సంఘాల చేతనే నష్టపరిహారం కట్టించింది.

లాత్వియా కూలీకి స్వీడను కూలీ శత్రువు కాడు. ఇద్దరి వేతనాల తేడా ఎవరికి లాభమో వాళ్లకే ఆ స్వేచ్ఛ పనికివచ్చింది. 1976లో స్త్రీ కార్మికురాలికి ఆయుధమైన ఆధిక్యతా సూత్రమే 2007లో సంఘం చేతిలోని ఆయుధాన్ని లాక్కుంది.

4

ఈ ఆధిక్యతను సభ్యదేశాలు పూర్తిగా ఒప్పుకున్నాయా అంటే లేదు. నాజీల పాలనను చవిచూసి 1949లో ప్రాథమిక హక్కులను తన రాజ్యాంగానికి తలమానికంగా పెట్టుకున్న పశ్చిమ జర్మనీ ముందుగా అడ్డు తిరిగింది. ఉమ్మడి వ్యవస్థలో హక్కుల జాబితా లేనంతవరకు తానే పరీక్షిస్తానని దాని రాజ్యాంగ న్యాయస్థానం 1974లో అంది. లక్సెంబర్గు హక్కులను కాపాడుతున్నంతవరకు తాను ఊరుకుంటానని 1986లో మాట మార్చింది. ఆ రెండు 'అంతవరకు'ల మధ్య లక్సెంబర్గు కోర్టు హక్కుల భాష నేర్చుకుంది.

ఆధిక్యతను తొలిసారి ప్రజల ముందు అక్షరాల్లో పెట్టింది 2004 నాటి రాజ్యాంగ ఒడంబడిక. 2005 మే 29న ఫ్రాన్సు ప్రజలు, జూన్ 1న నెదర్లాండ్సు ప్రజలు దాన్ని తిరస్కరించారు. 2009లో అమలుకు వచ్చిన లిస్బన్ ఒడంబడికలో ఆ అధికరణం లేదు; అనుబంధంగా చేర్చిన 17వ ప్రకటనలో మాత్రం కోర్టు పాత తీర్పులను గుర్తుచేశారు. ముందు తలుపు మూసుకుంటే పెరటి తలుపు తీశారన్నమాట.

అలాగని సార్వభౌమత్వం పేరెత్తిన ప్రతివాడూ ప్రజల పక్షమని భ్రమపడరాదు. 2021 అక్టోబరు 7న పోలండు రాజ్యాంగ ట్రిబ్యునల్ ఒడంబడికలోని కొన్ని మౌలిక నిబంధనల అన్వయం తమ రాజ్యాంగానికి విరుద్ధమంది. ఆ పోలండు ప్రభుత్వమే అంతకుముందు తన న్యాయమూర్తుల స్వతంత్రతను దెబ్బతీసింది. తన ఇంటి కోర్టులను లొంగదీసుకోవడానికి బయటి కోర్టును తిట్టే పాలకులకు సార్వభౌమత్వం ఒక ముసుగు మాత్రమే.

కాబట్టి ప్రశ్న లక్సెంబర్గా, వార్సావా అన్నది కాదు. వాక్యం ఎవరు రాశారు, ఎవరు చదువుతున్నారు, చదివించే బలం ఎవరికుంది అన్నది ప్రశ్న. పోటీ భయంతో పెట్టుబడి రాయించుకున్న ఒక వాక్యాన్ని హెర్‌స్టాల్ స్త్రీలు తమదిగా చదివారు. కోర్టు ఆ పాఠాన్ని ఒప్పుకోవడానికి మరో పదేళ్లు పట్టింది. వాళ్లు ఆ పదేళ్లూ తీర్పు కోసం కాచుకుని కూర్చోలేదు. చట్టానికి అర్థం చెప్పే పని న్యాయమూర్తులకే వదిలేసిన చోట ఏం జరుగుతుందో వాక్స్‌హోమ్ బడి దగ్గర చూశాం.