పది శాతం చాలదు: మార్కాపురం శివార్లలో ఇళ్ల సాంద్రత, పచ్చదనం

సారాంశం: లేఅవుట్లలో 10 శాతం ఖాళీ స్థలం వదలాలన్న నియమం భూమిని కొలుస్తుంది గాని, అక్కడ ఉండబోయే మనుషుల్ని లెక్కించదు. మార్కాపురం శివార్లలో ఖాళీ స్థలాన్ని తలసరిన నిర్ణయించాలనీ, దాన్ని వాగులు, కుంటలతో కలపాలనీ ఈ వ్యాసం వాదిస్తుంది.

నేపథ్యం

చెన్నకేశవస్వామి ఆలయంతో, పలకల పరిశ్రమతో పేరు పొందిన మార్కాపురంలో 2011 లెక్కల ప్రకారం సుమారు 71 వేల జనాభా ఉంది. 2025 చివరలో ఈ పట్టణం కేంద్రంగా కొత్త జిల్లా రూపుదిద్దుకుంది. కార్యాలయాలు, ఉద్యోగులు వచ్చేకొద్దీ చుట్టూ ఉన్న మెట్ట చేలు ప్లాట్లవుతాయి. చేను ఒకసారి ప్లాట్లుగా అమ్ముడైతే మళ్లీ ఉమ్మడి నేల కావడం దాదాపు అసాధ్యం. అందుకే ఈ చర్చ ఇప్పుడే జరగాలి.

నల్లమల దగ్గరే ఉందిగా, ఊళ్లో పార్కులెందుకని అడిగేవారున్నారు. ఎంత దగ్గరున్నా అడవి నీడ వీధిలో పడదు. మే నెల ఎండలో బడి నుంచి నడిచొచ్చే పిల్లకు నీడనిచ్చేది దారి పక్కన ఉన్న వేపచెట్టే.

సెంట్ల లెక్క

రాష్ట్రంలో 2017 నాటి లేఅవుట్ నిబంధనలు కనీసం 10 శాతం ఖాళీ స్థలం అడుగుతాయి. ఒక ఎకరంలో రోడ్లకు, ఇతర సౌకర్యాలకు 30 సెంట్లు, ఖాళీ స్థలానికి 10 సెంట్లు పోతే 60 సెంట్లు మిగులుతాయనుకుందాం. మూడు సెంట్ల ప్లాట్లయితే 20 ఇళ్లు వస్తాయి. ఇంటికి నలుగురు చొప్పున తలా 5 చదరపు మీటర్ల ఖాళీ స్థలం దక్కుతుంది. అదే నేలలో సెంటు చొప్పున 60 ఇళ్లు కడితే అది 1.7 చదరపు మీటర్లకు పడిపోతుంది. నియమం రెండుచోట్లా నెరవేరినట్టే. కేంద్రం 2014లో ఇచ్చిన పట్టణ ప్రణాళిక మార్గదర్శకాలు మాత్రం తలకు 10 నుంచి 12 చదరపు మీటర్లు సూచించాయి. సెంటు స్థలాల్లో ఉండేది ఎక్కువగా పేదలే కాబట్టి ఈ లోటు భారం పడేదీ వాళ్లమీదే.

ఆ 60 కుటుంబాలకే మూడంతస్తుల ఇళ్లు కట్టి, ఇళ్లకూ మెట్లకూ చుట్టూ విడిచే జాగాకూ కలిపి మొత్తం 30 సెంట్లు కేటాయిస్తే ఖాళీ స్థలం 40 సెంట్లవుతుంది, అంటే తలకు 6.7 చదరపు మీటర్లు. జనం తగ్గకుండానే పచ్చదనానికి చోటు నాలుగు రెట్లు పెరిగింది. పచ్చదనాన్ని మింగేది సాంద్రత కాదని, నేలంతా పరుచుకునే కట్టుబడి అని ఈ లెక్క చెబుతోంది. సొంత నేల మీద ఇల్లు, వాకిట్లో గేదె కావాలనుకునే కుటుంబాలపై అంతస్తులు రుద్దకూడదు. అద్దె ఇళ్లు, ఉద్యోగుల క్వార్టర్లు ఎక్కువగా వచ్చే చోట ఈ పద్ధతి మొదలుపెట్టవచ్చు.

నీటి దారే పచ్చదారి

వర్షాధారపు నేల, ఫ్లోరైడ్ భూగర్భజలం ఉన్న ఈ ప్రాంతంలో రోజూ తడపాల్సిన పచ్చిక పార్కులు మోయలేని భారం. గుండ్లకమ్మ నది మీద విజయనగర కాలంలో కట్టిన కంభం చెరువుకు 2020లో అంతర్జాతీయ నీటిపారుదల, డ్రైనేజీ కమిషన్ వారసత్వ గుర్తింపునిచ్చింది. పారే వాననీటిని ఆపి నిలుపుకోవడమే ఆ చెరువు నేర్పే పాఠం. లేఅవుట్‌లో ఖాళీ స్థలం మూలన మిగిలిన ముక్క కాకూడదు. వాన నీరు పారే పల్లంలో, కుంట గట్టున ఉండాలి. అక్కడ వేప, కానుగ, చింత నాటితే తొలి ఏళ్లు దాటాక పెద్దగా నీళ్లు పోయకుండానే బతుకుతాయి. 2002 నాటి వాల్టా చట్టం నీటిని, నేలను, చెట్లను ఒకే గొడుగు కిందకు తెచ్చింది. లేఅవుట్ అనుమతులు కూడా ఆ మూడింటినీ కలిపే చూడాలి.

ప్రతిపాదనలు

ఒకటి, ఖాళీ స్థలానికి 10 శాతంతోపాటు తలసరి కనీస పరిమితి పెట్టాలి. రెండు, అనుమతి లేని లేఅవుట్ల క్రమబద్ధీకరణలో ఖాళీ స్థలానికి బదులుగా వసూలయ్యే సొమ్ముతో అదే కాలనీకి నడక దూరంలో నేల కొనాలి, ఎందుకంటే ఖజానాలో చేరిన రుసుము ఎవరికీ నీడనివ్వదు. మూడు, కొత్త అనుమతులకు ముందే వాగులు, కుంటలు, పోరంబోకుల హద్దులు సర్వే చేసి పటంలో గుర్తించి, వార్డు సచివాలయాల్లో ప్రదర్శించాలి. ఈ మూడింటిలో మూడోది ముందు జరగాలి. హద్దు తెలియని కుంటను ఏ నియమమూ కాపాడలేదు.