జంగ్లీఘాట్ రేవులో ఐసు ఎవరిది? పోర్ట్ బ్లెయిర్ తెలుగు మత్స్యకారులు, విలువ గొలుసు

అండమాన్ నికోబార్ చుట్టూ ఉన్న సముద్రంలో ఏటా 1.48 లక్షల టన్నుల చేప పట్టవచ్చన్న అంచనా లేని నివేదిక లేదు. ఆ చేప పట్టేవాడి చేతికి ఎంత దక్కుతుందో అడిగిన నివేదికలు మాత్రం అరుదు. ఈ వ్యాసానికి ఆ వెలితే కారణం.

సరుకు పుట్టినచోటు నుంచి కొనేవాడి దాకా ఎవరికెంత దక్కుతుందో చూసే విలువ గొలుసుల అధ్యయనాల్లో ఎక్కువగా ఉటంకించేది 2005లో జెరెఫీ, హంఫ్రీ, స్టర్జన్ కలిసి రాసిన పరిశోధన. లావాదేవీ ఎంత చిక్కుగా ఉంది, సరుకు వివరాన్ని ఎంత స్పష్టంగా చెప్పవచ్చు, సరఫరాదారుకు ఎంత సత్తా ఉంది అనే మూడు కొలతలతో వాళ్లు గొలుసులను అయిదు రకాలుగా విడదీశారు. ఆ కొలతలను పోర్ట్ బ్లెయిర్‌లోని జంగ్లీఘాట్ రేవుకు పెట్టి చూద్దాం. కోనాం చేప బేరంలో చిక్కేమీ లేదు. రకం, తూకం, తాజాదనం చూపుతోనే తేలిపోతాయి. శ్రీకాకుళం, విశాఖ తీరాల నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబాల పనితనానికి వంక పెట్టలేం. జెరెఫీ బృందం లెక్క ప్రకారం ఇది స్వేచ్ఛా బజారు కావాలి. కానీ రేవులో మత్స్యకారుడు తన చేపను నచ్చినవాడికి అమ్ముకోలేడు.

ఎందుకో డోంగీ (చిన్న పడవ) బయల్దేరే వేళ చూస్తే తెలుస్తుంది. దిమ్మలు పగలగొట్టిన ఐసు పెట్టెల్లోకి ఎక్కుతుంది, డీజిల్ డబ్బాలు ఎక్కుతాయి, బియ్యం ఎక్కుతుంది. అన్నీ చేప కొనే సావుకారు అప్పు పద్దులోకే. తిరిగొచ్చాక తూకం ఆయనది, ధర ఆయనది. పాత బాకీ పట్టుకుని మిగిలింది చేతిలో పెడతాడు. వల నీళ్లలో పడకముందే చేప అమ్ముడైపోయిందన్నమాట. కాదని ఎదురు తిరిగితే మర్నాడు ఐసు దొరకదు. ఐసు లేని చేపకు ఉప్పే గతి, ఎండుచేపకు వచ్చే ధర వేరు. చెన్నై 1,300 కిలోమీటర్లకు పైగా దూరం, ఓడలో దాదాపు మూడు రోజులు. ఎగుమతికి పోయే గ్రూపర్ విమానంలో వెళ్తుంది. ఆ రవాణా ఖర్చు భరించి ఆగగలిగినవాడే ధర చెప్తాడు. జెరెఫీ బృందం కొలతల్లో అప్పుకూ చోటు లేదు, రవాణాకూ చోటు లేదు.

2004 సునామీ తర్వాత పడవలు, ఇంజన్లు పంచారు. ఐసు, అప్పు, రవాణా ఎవరి చేతిలో ఉన్నాయో వాళ్ల చేతిలోనే ఉండిపోయాయి. ఆపదలో రాత్రికి రాత్రి డబ్బిచ్చేది సావుకారేనన్న మాట నిజం, కానీ ఆ అప్పే చేపను ఆయనకు కట్టిపడేస్తుంది.

ఈ కట్టుబాటు ద్వీపాలకే పరిమితమైన సంగతి కాదు. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో పిక్కలు నిల్వ పెట్టుకోలేని జీడి రైతుకూ పలాస వ్యాపారికీ మధ్య నడిచేదీ ఇదే. పేద ఉత్పత్తిదారుడి వాటాను నిర్ణయించేది నైపుణ్యమూ కాదు, నాణ్యతా కాదు. సరుకు పాడవకుండా ఆగగలిగే శక్తి ఎవరిదైతే వాటా వారిది.

2011 లెక్కల్లో ఈ ద్వీపాల జనాభా 3,80,581. అందులో 13 శాతానికి పైగా తెలుగువాళ్లు. అయినా మన విశ్వవిద్యాలయాల మత్స్యరంగ పరిశోధనల్లో వీళ్ల ఊసు దాదాపు లేదు. 2024లో పోర్ట్ బ్లెయిర్ శ్రీ విజయపురమైంది. అదే ఏడు కేంద్రం ఇక్కడ ట్యూనా క్లస్టర్ ప్రకటించి పెట్టుబడిదారులను పిలిచింది. ఆ క్లస్టర్‌లో చేప శుద్ధి కర్మాగారానికి శంకుస్థాపన చేసేముందు ఐసు ప్లాంటును, శీతల గిడ్డంగిని, డీజిల్ అప్పును మత్స్యకారుల సహకార సంఘం చేతిలో పెట్టాలి. అది జరగకుండా కట్టే క్లస్టర్ సావుకారుకే మరో గిడ్డంగి అవుతుంది.